గుర్రు పెట్టెకు తడిగుడ్డ

శనివారం లోపల చెయ్యవలసినవని నా డైరీలో రాసుకున్న పనులు ఇవి.

షామియానా వాళ్లకు శుక్రవారం సాయంత్రమే కట్టమని చెప్పాలి. శనివారం పొద్దున వాళ్లకు వేరే పెళ్లి ఉంది.
చర్చి నుంచి చాపలు, మైకు తేవాలి. మైకుకు వైరు మనదే.
పాస్టరు గారిని కూడిక తొమ్మిదింటికే మొదలుపెట్టమని బతిమాలాలి. పదకొండు దాటితే ఈ ఎండకు ముసలివాళ్లు కూర్చోలేరు.
పెదనాయన ఫోటోకు ఫ్రేము. గిటారు కూడా కనపడేటట్టు కత్తిరించమని స్టూడియోలో మళ్లీ ఒకసారి చెప్పాలి.
నీళ్ల క్యాన్లు.
పెద్దమ్మ కూతురు కేథరిన్ గుంటూరు బండికి వస్తుంది. మార్కాపురం రోడ్ స్టేషనుకు బైకు తీసుకుపోవాలి.
తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఒకటి, కొత్తది.
పెద్దమ్మకు పెట్టె వినిపించాలి.

చివరి పనిని రెండు వారాలుగా ప్రతి జాబితాలోనూ చివరే రాస్తూ వచ్చాను.

పోయిన భాగం మీరు చదివి వారమైంది కాబట్టి ఒక్కసారి గుర్తుచేస్తాను. పేతురు పెదనాయన మార్కాపురంలో పలకల మిషను మీద పాతికేళ్లు పనిచేసిన మనిషి. చర్చిలో అందరికంటే పైన వినపడే ఆయన గొంతు, పలకల దుమ్ముకు ముందు బొంగురుపోయింది, తర్వాత పూర్తిగా పోయింది. పాడలేకపోయాక ఆయన ఒక పాత గిటారు సంపాదించి, బలపాల రేకు డబ్బాలో ఒక పెట్టె తయారుచేసుకున్నాడు. గిటారు వైరు ఆ పెట్టెలోకి, పెట్టె వైరు ఆంప్లిఫయరులోకి పెడితే, సన్నటి తీగ శబ్దం లావెక్కి, చీలి, గరగరమంటూ బయటికి వస్తుంది. గిటారు వాయించేవాళ్లు దాన్ని ఫజ్ పెడల్ అంటారు. ఆయన భార్య విజయమ్మ పెద్దమ్మ గుర్రు పెట్టె అంటుంది.

నేను వాళ్లకు చుట్టాన్ని కాను. త్రిపురాంతకం పక్క పల్లె నుంచి డిగ్రీ చదవడానికి వచ్చి, వాళ్ల పక్కింట్లో గది అద్దెకు తీసుకున్న కూలివాళ్ల కొడుకుని. పేరు ఆనంద్ బాబు. మా ఇంట్లో కాలేజీకి వెళ్లిన మొదటివాణ్ణి నేనే. గోడ అవతలి గరగర విని ఒకరోజు వెళ్లి కూర్చున్నాను. పెదనాయన నాకు సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం నేర్పాడు. చదువు అయిపోయి సచివాలయంలో ఉద్యోగం వచ్చినా నేను ఆ గది ఖాళీ చెయ్యలేదు. పోయిన ఏడాది ఇదే నెలలో ఆయన పోయాడు. సంవత్సరం జ్ఞాపకార్థ కూడికలో ఆయన పాటను ఆ పెట్టెలోనే వాయించమని పెద్దమ్మ నన్ను అడిగింది. పెట్టె మూగగా ఉంది. నేను దాన్ని బాగుచేశాను. అక్కడిదాకా మీకు తెలుసు. ఎట్లా బాగుచేశానో మీకు కూడా చెప్పలేదు.

ఏప్రిల్ మొదట్లో ఒక ఆదివారం మధ్యాహ్నం పెట్టె మూత తీశాను. నా గదికి రేకుల కప్పు. లోపల బల్ల మీద చెయ్యి పెడితే చురుక్కుమంటోంది. పెట్టెలో ఉన్నదంతా పది పన్నెండు ముక్కలు. అన్నిటికీ ప్రాణం లాంటివి రెండే, పాత రేడియోల్లో ఉండే జెర్మేనియం ట్రాన్సిస్టర్లు, చిటికెన వేలి గోరంత రేకు టోపీలు పెట్టుకున్నవి. వాటిలో ఒకదాని నెత్తిన ఎర్రటి చుక్క ఉంది. దాని కింద నంబరు కనపడక బ్లేడుతో ఆ చుక్కను గీకేశాను. రెండింటినీ మీటరు మీద పెట్టి చూశాను. కరెంటు ఆగవలసిన చోట ఆగడం లేదు, కారిపోతోంది. చెడిపోయాయని తేల్చి, వాటి స్థానంలో కొత్తరకం సిలికాన్‌వి రెండు పెట్టి, ఒకటి రెండు రెసిస్టర్లు మార్చాను. పెట్టె వెంటనే పలికింది. ఆ సంతోషంలో గోడ పక్కనుంచే "బాగైంది పెద్దమ్మా!" అని అరిచాను.

రెండు వారాల తర్వాత ఒకరోజు తెల్లవారి వాన పడింది. గదిలోకి చల్లగాలి వస్తుంటే ఏమీ తోచక, పక్కన పడేసిన ఆ రెండింటినీ మళ్లీ మీటరు మీద పెట్టాను. నిక్షేపంగా ఉన్నాయి.

జెర్మేనియం వేడికి తట్టుకోలేదు. ఎండ ముదిరితే కారిపోతుంది, చల్లబడితే తిరిగి తేరుకుంటుంది. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. డిగ్రీ రెండో ఏడాది పరీక్షలో పది మార్కుల ప్రశ్నగా వస్తే బొమ్మ గీసి మరీ రాసి తొమ్మిది తెచ్చుకున్నాను. పెదనాయన వాయించడానికి అరగంట ముందు పలక రాయి మీద తడిగుడ్డ పరిచి, దాని మీద పెట్టెను పెట్టి, మిగిలిన గుడ్డను చుట్టూ కప్పడం నాలుగేళ్లు కళ్లారా చూశాను. పరీక్షలో రాసింది, కళ్లతో చూసింది, రెండూ ఒకటేనని నాకు తట్టలేదు. ముసలాయన సెంటిమెంటు అనుకున్నాను.

అప్పుడే వాటిని తిరిగి ఆ పెట్టెలో పెట్టి ఉంటే ఈ భాగం రాయవలసిన పని లేదు. గిద్దలూరులో పెళ్లిళ్లకు ఆర్కెస్ట్రాలో గిటారు వాయించే సురేష్, నా క్లాస్‌మేటు, తనకొక పెడల్ తయారుచేసి ఇవ్వమని ఏడాదిగా అడుగుతున్నాడు. అతని కోసం రేకు పెట్టె, తీగలు, గుండీలు అన్నీ బిగించి ఉంచాను. ఆ వాన పొద్దున ఊరికే చూద్దామని ఆ రెండింటినీ దాంట్లో పెట్టి వాయించాను. నా చేతులతో తయారైనదేదీ అంతకుముందు అట్లా పలకలేదు. వినడానికి గదిలో నేను తప్ప ఎవరూ లేరు. ఎవరో ఒకరు వినాలని అనిపించింది. అదే వారం ఆ పెడల్ సురేష్‌కు పంపేశాను.

ఇక బుధవారం సంగతి.

ఆఫీసు అయ్యాక అయిదున్నరకు పెట్టె సంచిలో పెట్టుకుని వెళ్లాను. పెద్దమ్మ గోడకు ఆనుకుని, వినపడే ఎడమచెవి ఇటు తిప్పి కూర్చుని ఉంది. ఆమె ముందు నేల మీద పలక రాయి, దాని మీద మడత పెట్టిన తడిగుడ్డ.

"రా నాయనా. గుడ్డ తడిపి పెట్టినా. అరగంటయింది."

"ఇప్పుడు తడిగుడ్డ పనిలేదు పెద్దమ్మా. ఎండైనా వానైనా ఒకటే రకంగా పలికేటట్టు చేసినా."

"ఒకటే రకంగానా?" ఆమె నవ్వింది. "మీ పెదనాయన ఏ దినమూ ఒక రకంగా లేడు గదా. పొద్దున ఒక మనిషి, మాపటికి ఇంకో మనిషి. సరే, కానీ."

పెట్టెను తడిగుడ్డ పక్కన నేల మీదే పెట్టి, కాలితో మీట నొక్కి, ఆయన ఎప్పుడూ వాయించే పాట మొదటి చరణం మొదలుపెట్టాను. శబ్దం గట్టిగా, నిండుగా వచ్చింది. ఎక్కడా తప్పు పోలేదు. కళ్లెత్తి చూస్తే పెద్దమ్మ తల ఊపడం లేదు.

"తగ్గియ్యి," అంది.

ఆంప్లిఫయరు మీద చెయ్యి వేశాను.

"ఆడ కాదు. గిటారు మీద గుండీ ఉంటాదే, అది. ఆయన అదే తగ్గిస్తాండె."

తగ్గించాను.

"ఇంకా తగ్గియ్యి. ఇంకా. ఆఁ, ఇప్పుడు వాయించు."

వాయించాను. గరగర పలచబడింది గాని పోలేదు. దూరంగా ఎవరో రేకును గీస్తున్నట్టు సన్నగా వెంటాడుతూనే ఉంది. నాలుగో వరుస దగ్గర ఆమె చెయ్యెత్తింది.

"ఇది ఎవురు నాయనా?"

నాకు అర్థం కాలేదు.

"ఆయన గుండీ తగ్గిస్తే గుర్రు పోయి మాట వచ్చేది. నెమ్మదిగా, పక్కన కూర్చోని చెప్పినట్టు. పెంచితే పాట, తగ్గిస్తే మాట. గొంతు పోయినాక ఇరవై ఏండ్లు నాతో అట్లనే మాట్లాడినాడు. ఇది అరవమంటే అరుస్తా ఉంది, తగ్గిస్తే మూలుగుతా ఉంది. మాట్లాడ్డం లేదు. లోపల ఏం తీసినావు?"

"పాతవి రెండు ఉండె పెద్దమ్మా. చెడిపోయినాయి."

"యాడ పెట్టినావు?"

గిటారు నా ఒళ్లోనే ఉంది. తీగల మీద చెయ్యి అట్లాగే ఉంది.

"పారేసినా," అన్నాను.

నా ఇరవై ఆరేళ్ల బతుకులో అంత తొందరగా నోట్లోంచి వచ్చిన అబద్ధం ఇంకొకటి లేదు.

ఆమె కోప్పడుతుందని అనుకున్నాను. కోప్పడి ఉంటే బాగుండేది. పలక రాయి వైపు చూస్తూ తనలో తాను చెప్పుకుంటున్నట్టు మొదలుపెట్టింది.

"అవి యాడియి అనుకున్నావు? ఈ చుట్టుపక్కల చెడిపోయిన రేడియోలన్నీ తెచ్చి, పీకి, ఒక గంపెడు పోగేసినాడు. ఏ రెండు పెట్టినా పెట్టె సరిగ్గా పలకలా. మా పుట్టిల్లు చంద్రశేఖరపురం గదా, క్రిస్మస్‌కు పోయినాం. మా నాయన రేడియో బంగారమట్ల పాడతా ఉంది. రవ్వంత దుమ్ము ఉంది మామా, తుడుస్తా అని కూర్చోని, రెండు పీకి జేబులో ఏసుకున్నాడు మీ పెదనాయన."

"తాతకు తెలీలేదా?"

"ఏడాది పొడుగునా ఆ రేడియోను గుద్దినాడు మా నాయన. వార్తలు సరిగ్గా చదవడం లేదని ఢిల్లీలో వాళ్లను తిట్టినాడు. నాకు తెల్సు, నేను నోరు మెదపలా." నవ్వబోయి ఆగింది. "తెచ్చినాక మళ్లా ఇదే గోడకు నన్ను ఆనించి కూర్చోబెట్టినాడు. ఆయనకు దుమ్ము చెవుల్లో గూడా చేరింది, సన్నగా వచ్చేది వినపడదు. వినాల్సింది నేనే. ఇది ముందు పెట్టు, అది వెనక పెట్టు, ఇంకా కాలా, ఇంకా కాలా అని మూడు దినాలు. మూడోనాడు పలికినాది. నేనే అన్నా, ఇదిగో ఇప్పుడు నువ్వు, అని. తారుమారు కాకూడదని ముందుదాని నెత్తిన నా గోళ్లరంగు చుక్క పెట్టినాడు. ఎర్రది. చూసినావా?"

"చూసినా."

"అదీ పారేసినావా?"

నా బొటనవేలు చూపుడువేలిని గీకుతోంది. ఆ రోజు గోరులో ఇరుక్కున్న ఎర్రటి పొడి గుర్తొచ్చింది.

"సదువుకున్నోడివి, నీకు తెలుస్తాదిలే అనుకున్నా," అంది ఆమె. అందులో ఎత్తిపొడుపు లేదు. మా నాయన కూడా ప్రతి కాగితం నా చేతికి ఇస్తూ ఇదే మాట అంటాడు.

కాసేపటికి ఆమె లేచి, ఆరిపోయిన గుడ్డను బిందె నీళ్లలో ముంచి, పిండి, తిరిగి ఖాళీ పలక రాయి మీద పరిచింది. నేను పెట్టెను అటు జరపబోయాను.

"వద్దులే. దానికి పనిలేదంటివి గదా. ఇది ఊరికే, అలవాటు. ఈ ఏడాదంతా పెడతానే ఉన్నా, ఈ టయానికి."

గోడకు ఇవతలే నా గది. ఏడాది పొడుగునా ప్రతి సాయంత్రం ఆమె గుడ్డ పిండుతుంటే నీళ్లు పడే చప్పుడు నాకు వినపడుతూనే ఉంది. అంట్లు కడుగుతోందని అనుకున్నాను.

గురువారం సెలవు పెట్టి, కంభం మీదుగా పోయే బస్సెక్కి గిద్దలూరు చేరేసరికి పదకొండు దాటింది. నా ఆశ అంతా సురేష్ పెడల్ మీదే. మూత విప్పి, ఆ రెండింటినీ పీక్కుని, సాయంత్రానికల్లా పెదనాయన పెట్టెలో పెట్టేస్తే అబద్ధం అబద్ధంగానే ఉండిపోయినా, పాట మాత్రం నిజంగా వస్తుంది.

సురేష్ నన్ను చూడగానే మొదలుపెట్టాడు.

"వచ్చినావా మహానుభావా! నీ పెడల్ నా పరువు తీసినాదబ్బా. మధ్యాహ్నం పెళ్లి, షామియానా కింద నిప్పులు. మూడో పాటకు గుడ్లు తేలేసినాది. బురబుర అని ఆగిపోయినాది. పెళ్లికూతురు గూడా నవ్వింది, తెల్సా?"

"ఇప్పుడు యాడుంది?"

"ఇదిగో, ఇప్పుడు కేక! స్టేషన్ రోడ్డులో రేడియో రంగయ్య మామ లేడూ, ఆయన దగ్గర పడేస్తే లోపలివి రెండు మార్చినాడు. పాత సరుకు పెట్టినాడు నీ ఫ్రెండు అని నిన్ను తిట్టినాడు గూడా. ఎండకు ఇప్పుడు చెక్కు చెదరదు."

పెదనాయన పెట్టెకు నేను ఏం చేశానో, ఆ రంగయ్య మామ అక్షరం పొల్లుపోకుండా అదే చేశాడు. ఏమని కోప్పడేది? వేడికి ఆగిపోతుందని వాడికి నేను చెప్పలేదు. తడిగుడ్డ సంగతీ చెప్పలేదు.

"పాతవేవిరా?"

"నాకేం తెల్సు? ఆయన్నే అడుగుదాం పా."

రంగయ్య మామ దుకాణం, ఒక మనిషి కూర్చుంటే ఇంకొక మనిషి నిలబడే అంత. గోడలకు మూగవైన రేడియోలు వరసగా ఉన్నాయి. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఆ పెట్టె చేసింది నువ్వేనా? చెయ్యి మంచిదే. సరుకు మీద బుద్ధి ఉండాల."

"ఆ పాతవి కావాల మామా. పారేసినావా?"

"పారేసేదా?" ఆయనకు కోపం వచ్చింది. "ఈ దుకాణంలో నలభై ఏండ్లుగా ఒక మేకు పారేసినోన్ని కాదు నేను." బల్ల కిందికి వంగి, ఒక పాత బిస్కెట్ డబ్బా తీసి, దినపత్రిక పరిచి దాని మీద కుమ్మరించాడు.

అన్నీ అవే. అదే రేకు టోపీ, అవే మూడు కాళ్లు, అదే నంబరు. ఏ రేడియోలోంచి ఏది వచ్చిందో చెప్పే గుర్తు ఒక్కదానికీ లేదు. ఒక్కొక్కదాన్నీ తిప్పి, వెలుతురుకు పెట్టి, గోరుతో తడిమి చూశాను. ఎర్రటి మరక రవ్వంతైనా మిగిలి ఉంటుందేమోనని రెండోసారి కూడా చూశాను. లేదు. నేను ఏ పనైనా శుభ్రంగా చేస్తాను. గీకడమూ శుభ్రంగానే గీకాను.

"ఎన్ని?" అన్నాడు సురేష్, వాడి గొంతు తగ్గింది. దారిలో వాడికి అంతా చెప్పాను.

"ముప్పై ఎనిమిది."

"వాటిల్లో ఉంటాయి గదబ్బా. యాడికి పోతాయి?"

రంగయ్య మామ గొంతు సవరించుకున్నాడు. "ఉంటాయి అని చెప్పలేను. మొన్న మంగళారం నంద్యాల ఆయన ఒకాయన వచ్చినాడు. ఇట్లనే పెట్టెలు చేస్తాడంట. డబ్బాలో నాలుగు ఏరుకోని పోయినాడు. పైన ఉన్నయే తీసుకున్నాడు."

సురేష్ పెడల్ రంగయ్య మామ దగ్గరికి వచ్చింది దానికి ముందురోజే, సోమవారం.

డబ్బా అంతా ఇస్తానన్నాడు ఆయన. కూడిక అయ్యాక భద్రంగా తెచ్చివ్వమన్నాడు. మాట తీసుకుని ఇచ్చాడు. సురేష్ బస్టాండు దాకా వచ్చి, "శనివారం నేను గూడా వస్తాలే," అని, నా భుజం తట్టి వెళ్లిపోయాడు.

బస్టాండులో ఫ్యాను కింద నిలబడి పెద్దమ్మకు ఫోను చేశాను. ఏం మాట్లాడాలో రాసుకుందామని డైరీ తీశాను గాని ఒక్క మాటా రాయలేదు. ఆమె "ఎవురూ?" అనగానే మొత్తం చెప్పేశాను. పారేయలేదని. చెడిపోలేదని తెలిసి కూడా నా గొప్పకు ఇంకొకరి పెట్టెలో పెట్టానని. చుక్కను గీకింది నేనేనని. డబ్బాలో ముప్పై ఎనిమిది ఉన్నాయని.

వాళ్లింటి ఫ్యాను కిర్రుమంటూ తిరగడం వినపడుతోంది.

"పారేయలేదని సంతోషపడాల్నో, నాకు అబద్ధం చెప్పినావని ఏడ్వాల్నో తెలీడం లేదు నాయనా," అంది చివరికి.

"పెద్దమ్మా..."

"ఉండు. ముప్పై ఎనిమిదంటివా? ఈ సాయంత్రం ఉంది, రేపు దినమంతా ఉంది. అప్పుడు మూడు దినాలు పట్టింది గాని, అప్పుడు ఏది వినాల్నో నాకు తెలీదు. ఇప్పుడు తెల్సు." ఏడాదిగా ఆమె గొంతులో వినని చురుకు అది. "మార్చి మార్చి పెట్టేదానికి కుదురుతాదా?"

"కుదురుతాది. ఊరికే గుచ్చి తీసేటట్టు సాకెట్లు బిగిస్తా."

"అయితే పట్టకరా. నేను గుడ్డ తడిపి పెడతా."

నంద్యాల ఆయన ఏరుకుపోయిన ఆ నాలుగింటి మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. ఆ చురుకు గొంతు విన్నాక బయటికి రాలేదు. ఫోను పెట్టేశాను. ఒక అబద్ధం ఒప్పుకున్న నిమిషంలోనే ఇంకొకటి దాచుకున్నాను.

బస్సులో ఎండ పక్క సీటే దొరికింది. చేతిగుడ్డను సీసాలో నీళ్లతో తడిపి, డబ్బాకు చుట్టి, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కంభం దాటకముందే ఆరిపోయింది. మళ్లీ తడిపాను. పక్కనాయన, డబ్బాలో ఏముంది తమ్ముడూ, ఐస్‌క్రీమా అని అడిగాడు. కాదండీ అన్నాను. డబ్బాను ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాను.

ఇది మీరు చదివే వేళకు ఆ శనివారం ఎప్పుడో గడిచిపోయి ఉంటుంది. నేను మాత్రం ఇంకా ఆ బస్సులోనే ఉన్నాను, చేతిలో ముప్పై ఎనిమిది, ఎక్కడో నంద్యాలలో నాలుగు. ఆ నాలుగింటి సంగతి ఆమెకు చెప్పలేదు, మీకు చెప్పాను. అందుకని మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. పలక రాయి మీద గుడ్డ ఆరకుండా చూసుకుంటూ, గోడకు ఆనుకుని, వినపడే చెవి వీధి వైపు తిప్పి ఒక్కతే కూర్చుని ఉన్న విజయమ్మ పెద్దమ్మను ఈ వారమంతా గుర్తుంచుకోండి.